వీరగల్లు – నెత్తురు మాన్యము

ఆంధ్రదేశపు ఎల్లలకు వెలుపల తరతరములుగా కాపురముండు తెలుగువారమగు మనకు ఊరి పొలిమేరలలోని పాతరాళ్లు క్రొత్తవి కావు. కోలారు, బెంగుళూరు, హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో ఏ పల్లెకు పోయినను చెరువుగట్టు మీదనో, పాడుపడిన గుడి ముందటనో, చింతచెట్టు క్రిందనో కత్తి పట్టిన మనిషి బొమ్మ చెక్కిన బండ యొకటి కనుపించును. కొన్ని యూళ్లలో దానికి పసుపు పూసి కుంకుమ పెట్టుదురు. కొన్ని యూళ్లలో దానిపై గుడ్డలుతుకుదురు. అది ఏమని యడిగినచో ‘ఏదో వీరుని రాయి’ అని చెప్పి ఊరకుందురు. ఆ రాయి వెనుక ఒక మరణమును, ఒక కుటుంబమును, ఆ కుటుంబమును పోషింతుమని ఒక రాజో ఒక ఊరో చేసిన వాగ్దానమును కలవు. ఆ వాగ్దానమును గూర్చియే మేమీ వ్యాసమున ముచ్చటింపదలచితిమి.

కన్నడమున వీరగల్లు, తమిళమున నడుకల్, తెలుగున వీరగల్లు లేక వీరశిల యని దీనికి పేరు. పోరున మడిసినవానికి రాయి నిలుపుట దక్షిణదేశమున మిక్కిలి ప్రాచీనమైన యాచారము. తమిళుల తొల్కాప్పియము దీని విధానమును ఆరు మెట్లుగా చెప్పినది. తగిన రాతిని కనుగొనుట, దానిని కొనివచ్చుట, నీట ముంచుట, నాటుట, పెద్ద పూజ సేయుట, స్తుతించుట – ఇవియే యా యారు మెట్లు. తిరువణ్ణామలై జిల్లాలోని చెంగం ప్రాంతమున క్రీ. శ. 6వ శతాబ్దము మొదలుకొని పల్లవరాజుల కాలపు నడుకల్లులు పెక్కు దొరకినవి. తెలుగునాట పుంగనూరు ప్రాంతమున బాణులు, వైదుంబులు, నొళంబులు తమలో తాము పోరాడిన 9వ శతాబ్దపు రోజుల వీరగల్లులు కలవు. భాషలు వేరైనను భావమొక్కటియే.

రాతిమీది బొమ్మలను క్రిందినుండి పైకి చదువవలెను. సాధారణముగా మూడంతస్తు లుండును. అడుగున వీరుడు శత్రువులతోనో, పసులను తోలుకొనిపోవు దొంగలతోనో, పులితోనో పోరుచుండును. నడుమ అప్సరసలు వానిని చేతులపై మోసికొనిపోవుచుందురు. పైన కైలాసమున శివలింగము నెదుట వాడు చేతులు జోడించి కూర్చుండియుండును. పైయంచున సూర్యచంద్రులు. అవి అలంకారము కొరకు పెట్టినవి కావు. చంద్రసూర్యులున్నంత కాలము ఈ దానము చెల్లవలెనని చెప్పుటకు పెట్టినవి.

ఆ దానమే మనకిట ముఖ్యము. వీరుడు చచ్చి స్వర్గమునకు పోయెను. వాని యింటివారి గతి యేమి? ఈ ప్రశ్నకు నాటివారు భూమితో సమాధానము చెప్పిరి. కన్నడ శాసనములలో ‘నెత్తరు గొడగె’ యను మాట తరచుగా వచ్చును. కొడగె యనగా కానుక. నెత్తురు చిందించిన దానికి ప్రతిగా నిచ్చిన కానుక యని యర్థము. తమిళమున దీనినే ‘ఉదిరప్పట్టి’ యనిరి. ఉదిరమనగా రుధిరమే. మన మాటలో చెప్పవలెనన్న నెత్తురు మాన్యము. రాతితోపాటు ఇచ్చిన భూమిని ‘కల్నాడు’ అనుటయు, వీరుని కత్తిని కడిగి గౌరవించు సందర్భమున ఇచ్చిన భూమిని ‘బాళ్గళ్చు’ అనుటయు కలదు. ఈ భూములు సాధారణముగా పన్ను లేనివై కొడుకులకు, మనుమలకు సంక్రమించుచుండెను. ఈ భూమిని అపహరించినవాడు కాశిలో కపిలగోవును చంపిన పాపమున పోవునని శాసనము తుదను శాపము వ్రాయుట పరిపాటి. ఆ కాలమున వ్రాతకోటలోని కవిలె చెడిపోవచ్చును, రాజవంశము మారిపోవచ్చును. రాయి మాత్రము నిలుచును. కావున వీరగల్లు స్మారకచిహ్న మగుటయే కాదు, మృతుని కుటుంబము చేతనున్న పట్టా కూడ నయ్యెను.

రెండు ఉదాహరణములు చూపెదము. రెండు రాళ్లును నేడు బెంగుళూరు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలలో నున్నవి. మన సంఘపు సభ్యులు పిల్లలతో పోయి చూడదగినవి.

మొదటిది బేగూరు శిల. కాలము క్రీ. శ. 900 ప్రాంతము. నొళంబరాజైన అయ్యపదేవుడు వీరమహేంద్రునితో పోరునపుడు గంగరాజైన ఎఱెయప్ప తన సామంతుడైన నాగత్తరుని సేనతో సాయమంపెను. తుంబెపాడి కడ జరిగిన పోరులో నాగత్తరుడు ఏనుగుల నెదిర్చి మడిసెను. ఆ వార్త విని ఎఱెయప్ప యేమి చేసెను? ఇరుగుడనువానికి ‘నాగత్తర’ పట్టము కట్టి, బెంపూరు పన్నెండు గ్రామములను కల్నాడుగా నిచ్చెను. ఆ గ్రామముల పేర్లన్నియు రాతిపై వరుసగా చెక్కించెను. చచ్చినవాని పదవి నిలిచినది, భూమి నిలిచినది, పేరు నిలిచినది. రాతిపై యుద్ధరంగము, ఏనుగులు, గుఱ్ఱములు, నేలపడిన శవములు ఎంతో వివరముగా చెక్కబడినవి. అదే బేగూరు నాగనాథేశ్వరాలయమున నున్న మరియొక వీరశాసనమున నాగత్తరుని పరివారమువారు బెంగుళూరు కాళగమున మడిసిన సంగతి కలదు. బెంగుళూరను పేరు మొట్టమొదట మనకు కనుపించునది ఈ శాసనముననే. అంత మహానగరపు పేరు చరిత్రలో ప్రవేశించినది ఒక పోరున కూలినవారి గుర్తుగా నని తెలిసినపుడు మా మనసు కొంత సేపు నిశ్శబ్దమయ్యెను.

రెండవది మండ్య జిల్లా ఆతకూరు శిల. కాలము 949–50. రాష్ట్రకూట మూడవ కృష్ణుని పక్షమున గంగరాజు బూతుగుడు తక్కోలము కడ చోళ రాజాదిత్యునితో పోరి వానిని చంపెను. ఆ పోరున పరాక్రమము చూపిన మణలేరుని బూతుగుడు ‘ఏమి కావలయునో కోరుకొమ్ము’ అనగా, అతడు రాజుగారి ‘కాళి’ యను వేటకుక్కను కోరెను. తరువాత నా కుక్క యొక పెద్ద యడవిపందితో పోరి, దానిని చంపి తానును చచ్చెను. మణలేరుడు దానికి శిల నిలిపి, పూజకు భూమి నేర్పరచెను. ఆ శిలకు పూజ చేయక అన్నము తినిన గొరవనికి ఆ కుక్క చేసిన పాపము చుట్టుకొనునని శాసనము. చదువరులు నవ్వవచ్చును. కాని ఇందొక నీతి కలదు. సేవచేసి చచ్చినది కుక్కయైనను దాని పేరును మరువరాదనియు, దాని జ్ఞాపకమునకై యిచ్చిన భూమి ననుభవించువాడు ఆ జ్ఞాపకమును నిలుపు పని చేయకుండరాదనియు నాటివారి యభిప్రాయము.

తెలుగునాట ఈ భావమునకు సజీవసాక్షి పల్నాటి కారెంపూడి. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధమున మడిసినవారికి అచ్చట వీరుల గుడి కలదు. ఏటేటా కార్తీకమాసాంతమున అయిదు దినములు వీరారాధన జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఆ దినములకు పేర్లు. వీరుల ఆయుధములను పూజించు వంశములవారు దూరప్రాంతములనుండి వాటిని తెచ్చి నాగులేటిలో శుద్ధిచేసి గుడిలో నిలుపుదురు. బ్రహ్మనాయుడు నిమ్న జాతివాడని చూడక తన పెద్దకొడుకుగా భావించి సేనానిని చేసిన కన్నమదాసును కూడ ప్రజలు వీరులలో నొకనిగా కొలుతురు. చాపకూడు పెట్టిన చోట చావులోను భేదము లేదు.

ఇట్లని పాతకాలమంతయు బంగారమని మేమనము. భూమి కొడుకులకు దక్కెను గాని, కొడుకులు లేని వితంతువు గతి శాసనములలో తేటగా తెలియదు. వీరగల్లు ప్రక్కనే పెక్కుచోట్ల మాస్తికల్లు, అనగా మహాసతి శిల, నిలిచియుండును. గాజుల చేయి పైకెత్తియున్న ఆ బొమ్మ భర్తతో సహగమనము చేసిన స్త్రీది. బ్రతికియున్న యింతికి తెరువు చూపుటకంటె చనిపోయిన యింతికి శిల నెత్తుట ఆ సంఘమునకు సులభమైనది. మద్రాసు రాజధానిలో సహగమనము 1830లో నిషిద్ధమైనది. నేడు సైనికుని వితంతువునకు ముట్టు కుటుంబపింఛను, మన పూర్వులెరుగని న్యాయమని మనము ఒప్పుకొనవలెను.

కుంఫిణీవారి కాలమున సైనికుని స్థితి మారెను. ఉత్తరదేశమున సిపాయిని ‘తిలంగా’ యనుచుండిరి. తొలినాళ్లలో దక్షిణమునుండి పోయిన తెలుగు సిపాయిలవలన వచ్చిన పేరది. మద్రాసు సైన్యమున మృతులైన సిపాయిల కుమారులను బాలసిపాయిలుగా చేర్చుకొని కొంత జీతమిచ్చి పోషించు పద్ధతి యుండెను. భూమి పోయి జీతము వచ్చెను; ఊరి శాసనము పోయి కచ్చేరి దస్తరము వచ్చెను. సిపాయి ఎక్కడనో చచ్చును, వాని పేరు ఒక చిట్టాలో నుండును, వాని యూరిలో రాయి యుండదు.

దీని పరాకాష్ఠ మొదటి ప్రపంచయుద్ధమున కనుపించెను. మృతులైన సైనికుల సమాధులను, స్మారకములను చూచుటకు 1917లో బ్రిటిషు సామ్రాజ్యము ఒక కమిషను నేర్పరచెను. దొరయైనను సోల్జరైనను ఒక్కటే రకపు రాయి, ప్రతివానికి పేరు – ఇది దాని మూలసూత్రము. ఎంతయో ఉదారమైన సూత్రము. ఫ్రాన్సులో న్యూ షాపెల్ కడ 1927లో ఆవిష్కరించిన భారతీయ స్మారకముపై 4,700కు పైగా మన సైనికుల పేర్లు చెక్కిరి. కాని ఇరాకులో బస్రా కడ 1929లో ఆవిష్కరించిన స్మారకముపై అధికారుల పేర్లు చెక్కి, భారతీయ సిపాయిల విషయమున ఫలానా పటాలమువారు ఇంతమంది యని అంకెలు మాత్రమే వేసిరి. ఆ మెసొపొటేమియా యుద్ధమున మద్రాసు శాపర్లు పనిచేసిరి. బెంగుళూరు కేంద్రముగా గల ఆ దళమున తెలుగువారు, తమిళులు, కన్నడిగులు, మలయాళీలు ప్రక్కప్రక్కన నిలిచినవారు.

ఒక్కసారి పోల్చి చూడుడు. 949వ సంవత్సరపు ఆతకూరు రాతిపై ఒక కుక్కకు పేరున్నది. 1929వ సంవత్సరపు బస్రా రాతిపై మన సిపాయికి అంకె యున్నది.

ఈ మాట మేము కోపముతో చెప్పుట లేదు. ఆ కమిషనే నియమించిన సంఘము 2021లో ఈ దోషమును బహిరంగముగా అంగీకరించినది. మొదటి యుద్ధమున మృతులైన ఆసియా, ఆఫ్రికా సైనికులలో 45,000 మొదలు 54,000 వరకు అసమానముగా స్మరింపబడిరనియు, మరి కనీసము 1,16,000 మంది, బహుశా 3,50,000 వరకు, పేరుతోగాని అసలేగాని స్మరింపబడలేదనియు ఆ సంఘము తేల్చినది. కమిషను క్షమాపణ చెప్పినది. నూరేండ్లకు వచ్చిన క్షమాపణ వినుటకు ఆ సిపాయిల భార్యలు లేరు, పిల్లలును లేరు. వినవలసినవారము మనమే.

మనవారి జాడలు మనము కాపురమున్న చోట్ల ఇంకను కలవు. మద్రాసు నందంబాకమున 1952లో ఏర్పడిన యుద్ధశ్మశానమును, పుణ్యపట్టణము చెంత ఖడ్కీలోని స్మారకమును చూడవచ్చును. పుదుచ్చేరి సముద్రతీరమున 1938లో ఆవిష్కరించిన ఫ్రెంచి యుద్ధస్మారకము కలదు. ఫ్రెంచి సైన్యమున కొలువుచేసిన పుదుచ్చేరి కుటుంబములకు ఫ్రాన్సు నుండి పింఛను ముట్టుట యానాంలోని మనవారికి తెలిసిన విషయమే. విశాఖ సముద్రతీరమున 1971 యుద్ధపు విజయస్మారకము నిలిచియున్నది. ఢిల్లీలో 1931లో ఆవిష్కరించిన ఇండియా గేటుపై, అది స్మరించు 70,000కు పైబడిన మృతులలో 13,000కు పైగా పేర్లు మాత్రమే కలవు. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధస్మారకమున స్వాతంత్ర్యానంతరము మడిసిన 25,000కు పైగా సైనికులలో ప్రతివాని పేరును రాతిపై చెక్కిరి. వీరగల్లు మరల వచ్చినదని మేము సంతోషించితిమి.

ఇక నెత్తురు మాన్యమేది? నేడది భూమి కాదు. కుటుంబపింఛను, పిల్లల చదువునకు సాయము, పేద మాజీసైనికుని అంత్యక్రియలకు సాయము మున్నగు రూపములలో నున్నది. జిల్లాకొక సైనిక సంక్షేమ కార్యాలయము వీనిని చూచును. 1949 నుండి ఏటేటా డిసెంబరు 7న జరుగు పతాకదినమున మనము వేయు చందా ఇట్టి సాయములకే పోవును. కాని ఆతకూరు శాసనకర్త భయపడినదే నేడును భయపడవలసినది. ఏర్పాటున్నను చేసి పెట్టువాడు లేనిచో అది ఫలింపదు. చదువురాని యొక ముసలమ్మకు, తాను పెరిగిన భాష కాని భాషలో నున్న కాగితములు పట్టుకొని ఏ గుమ్మమెక్కవలెనో తెలియదు. పుట్టినయూరొక రాష్ట్రము, భర్త చేరిన పటాలమొక రాష్ట్రము, కాపురమొక రాష్ట్రము అయిన మన కుటుంబములలో ఈ చిక్కు మరింత హెచ్చు.

కావున చదువరులకు మేము విన్నవించునది రెండు మాటలు. మీ యూరి పొలిమేరలోని వీరగల్లును కాలువకు అడ్డము వేయనీయకుడు. కడిగి, నిలిపి, దానిపై వ్రాత యున్నచో పురావస్తు శాఖవారికి తెలుపుడు. ఆ వ్రాత కన్నడమైనను తమిళమైనను తెలుగైనను ఆ నెత్తురు మనందరిది. రెండవది, మీ వీథిలో సైనికుని వితంతువు ఉన్నచో ఒక పూట పని మానుకొని ఆమె వెంట కచ్చేరికి పొండు. రాయి నిలుపుట సగము పని. ఆ రాతి మీద నిచ్చిన మాట చెల్లించుట తక్కిన సగము. మన పూర్వులు సూర్యచంద్రులను సాక్షులుగా చెక్కినది ఆ రెండవ సగము కొరకే.