తేలే బండికి పుట్టిన మునిగే బండి: ఏటీవీ కథ

ఈరోజు టాపిక్ ఏటీవీ. అదేనండి, గోవా బీచ్‌లోనో, ఊరి బయట రిసార్ట్‌లోనో డబ్బులు కట్టి పదిహేను నిమిషాలు తోలే ఆ లావు టైర్ల బండి. అది నీళ్లలో మునిగితే మళ్లీ ఎలా నడిపించాలి? ఇది మనకెందుకు అనుకోకండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో బండ్లు ఎలా మునిగాయో అందరం చూశాం. అలాంటప్పుడు నీళ్లు తగ్గగానే చెయ్యి ముందు సెల్ఫ్ బటన్ మీదికే పోతుంది. చాలాసార్లు ఇంజన్‌ని చంపేది వరద కాదు, ఆ నొక్కుడే.

అసలు కథ 1967లో మొదలైంది. అమెరికాలో చలికాలం వస్తే మోటార్‌సైకిళ్లు ఎవరూ కొనరు, డీలర్లు ఖాళీ. మంచులో కూడా అమ్ముడుపోయే బండి ఏదైనా చెయ్యండని అమెరికన్ హోండా వాళ్లు జపాన్‌లోని సొంత డిజైన్ విభాగాన్ని అడిగారు. ఆ పని ఒసాము తకేయూచి అనే ఇంజనీర్ చేతికొచ్చింది. ఆయన రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు చక్రాలతో రకరకాలుగా కట్టి చూశాడు. మంచు మీద, బురద మీద మూడు చక్రాలదే బాగా పోయింది. కానీ టైర్లు కుదరట్లేదు, దిగబడిపోతున్నాయి. అప్పుడు ఆయన కంట పడింది యాంఫిక్యాట్ అనే ఆరు చక్రాల బండి. అది నేల మీద నడుస్తుంది, నీళ్ల మీద తేలుతుంది. దాని టైర్లు బెలూన్లలా ఉంటాయి, లోపల గాలి చాలా తక్కువ. ఆ టైర్లు తెచ్చి తన బండికి తగిలించాడు. అంతే, దొరికేసింది.

1970లో అదే యూఎస్90 పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 89 సీసీ ఇంజన్, 22 అంగుళాల టైర్లు, ధర 595 డాలర్లు. మరుసటి ఏడాదే జేమ్స్ బాండ్ సినిమా ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’లో కూడా కనిపించింది. తర్వాత 1982లో సుజుకి నాలుగు చక్రాలది దింపింది. మూడు చక్రాల బండ్లు తిరగబడి చాలామంది, అందులో పిల్లలు కూడా చనిపోవడంతో 1988లో అమెరికా ప్రభుత్వంతో జరిగిన ఒప్పందం ప్రకారం కంపెనీలు వాటి అమ్మకం ఆపేశాయి. ఇప్పుడు మనం చూసేవన్నీ నాలుగు చక్రాల వారసులే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. తకేయూచి తేలే బండి దగ్గర టైర్లు తీసుకున్నాడు, పడవలాంటి ఆ ఒళ్లు తీసుకోలేదు. యాంఫిక్యాట్‌లో మొత్తం బాడీ ఒక తొట్టి, ఇంజన్ అందులో పొడిగా కూర్చుంటుంది. ఏటీవీలో ఇంజన్ బయటే, చక్రాల మధ్య వేలాడుతూ ఉంటుంది. టైర్లలో గాలి ఉంది కాబట్టి నీళ్లు కాస్త లోతైతే బండి తేలడం మొదలుపెడుతుంది. అప్పుడు చక్రాలకు నేల పట్టు పోతుంది, ప్రవాహం పక్కకి నెడుతుంది, పైన మనిషి బరువు ఉంది. తిరగబడుతుంది. ఏటీవీలు చాలావరకు మునిగేది ఇలాగే, ముందు తేలి తర్వాత మునుగుతాయి!

మునిగాక లోపల ఏం జరుగుతుంది? ఇంజన్ గాలి పీలుస్తుంది. పిస్టన్ ఆ గాలిని సుమారు పదో వంతుకి నొక్కుతుంది. గాలి నలుగుతుంది కాబట్టి సరిపోయింది. నీళ్లు నలగవు. సిలిండర్లో నీళ్లుండగా స్టార్టర్ మోటార్ తిప్పితే పిస్టన్ గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు సగం సమస్యలకి మందు ఒకటే, రీస్టార్ట్ చెయ్. ఇక్కడ ఆ మందే విషం.

సరే, మునిగిన యంత్రాన్ని బతికించడం పెద్ద ఎత్తున జరిగిన చోటికి పోదాం. 1941 డిసెంబర్ 7, పెర్ల్ హార్బర్. జపాన్ దాడిలో అమెరికా యుద్ధనౌకలు ఉప్పునీళ్లలో కూర్చున్నాయి. హోమర్ వాలిన్ అనే అధికారి నాయకత్వంలో వాటిని లేపారు. నెవాడా 1942 ఫిబ్రవరిలో పైకి తేలింది, ఏప్రిల్లో సొంత ఇంజన్లతోనే రిపేర్‌కి బయల్దేరింది. కాలిఫోర్నియా నడిచేది కరెంటు మోటార్లతో. వాటి తడిసిన వైండింగ్ మళ్లీ చుట్టాల్సి వచ్చింది, అయినా అదే ఏడాది అక్టోబర్‌లో తనంతట తనే కదిలింది. ఊరికే అయిపోలేదు ఇదంతా. నెవాడా లోపల పేరుకున్న విషవాయువుకి ఇద్దరు నావికులు బలయ్యారు.

వాళ్లు పాటించిన పద్ధతి చూడండి. నీళ్లు తోడేకొద్దీ బయటపడిన యంత్రాన్ని వెంటనే మంచినీళ్లతో కడగడం, తర్వాత టెక్టైల్ అనే ద్రవం పూయడం. అది తేమని పక్కకి తోసి లోహం మీద పల్చటి పొరలా అతుక్కుంటుంది. ఎందుకంటే నీళ్లలో ఉన్నంతసేపు ఇనుముకి ఆక్సిజన్ తక్కువే అందుతుంది. తడిగా బయటికొచ్చి గాలి తగిలినప్పుడే తుప్పు పరుగెత్తుతుంది. పడవ ఇంజన్ల మెకానిక్‌లు ఇప్పటికీ ఒక మాట చెప్తారు: మునిగిన మోటార్‌ని పైకి తీశాక వెంటనే విప్పే వీలు లేకపోతే, మళ్లీ మంచినీళ్ల డ్రమ్ములోనే ముంచి ఉంచమని. వినడానికి పిచ్చిగా ఉంటుంది, లెక్క మాత్రం కరెక్టే.

ఈ ‘నీటిని తోసేయడం’ అనే ఐడియా మీ ఇంట్లోనే ఉండొచ్చు. నీలం పసుపు డబ్బా, డబ్ల్యూడీ-40. 1953లో శాన్‌డియెగోలో తయారైంది, తర్వాత అట్లాస్ క్షిపణుల ఒంటికి తుప్పు పట్టకుండా వాడారు. డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, 40 అంటే నలభయ్యో ప్రయత్నం.

ఇప్పుడు ఏటీవీ దగ్గరికి రండి. తాళం ఆఫ్, బ్యాటరీ వైర్ పీకెయ్యండి. ఉప్పునీళ్లో బురదో అయితే ముందు మంచినీళ్లతో కడగండి. ఎయిర్‌బాక్స్ తెరిచి నీళ్లు వంచేసి, ఫిల్టర్ తీసెయ్యండి. స్పార్క్ ప్లగ్ విప్పి ఇంజన్‌ని చేత్తో మెల్లగా తిప్పితే నీళ్లు ఆ రంధ్రంలోంచి చిమ్ముతాయి. తర్వాత కాస్త ఆయిల్ పొయ్యండి. పెట్రోల్ మొత్తం తీసెయ్యాలి, నీళ్లు దానికంటే బరువు కాబట్టి ట్యాంక్ అడుగునే దాక్కుంటాయి. ఇంజన్ ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో వస్తే నీళ్లు కలిసినట్టే. ఒక్కసారి మారిస్తే సరిపోదు. పోసి, కాసేపు నడిపి, మళ్లీ తీసి, రంగు శుభ్రంగా వచ్చేదాకా మారుస్తూనే ఉండాలి. చాలామంది ఇక్కడే డబ్బు మిగుల్చుకుని ఇంజన్ పోగొట్టుకుంటారు. బెల్ట్ ఉన్న బండైతే ఆ పెట్టెలో నీళ్లు కూడా దించాలి, లేదంటే బెల్ట్ జారుతుంది. డిఫరెన్షియల్ సంగతి మర్చిపోతారు. వేడిగా ఉన్నది ఒక్కసారిగా చల్లనీళ్లలో పడితే లోపలి గాలి కుంచించుకుని, సీల్స్ సందులోంచి నీళ్లని పీల్చుకుంటుంది. బయటికి ఏమీ కనపడదు. ఆయిల్ తీసి చూడాల్సిందే.

అన్నట్టు, ఇది ఎలక్ట్రిక్ బండ్లకి కాదు. బ్యాటరీ మునిగితే చార్జర్ దగ్గరికి కూడా తీసుకుపోకండి, సర్వీస్ వాళ్లకి అప్పజెప్పండి.

చివరగా ఆ పాత యూఎస్90 గురించి ఇంకో ముక్క. దాన్ని స్టార్ట్ చేసేది తాడు లాగి. సిలిండర్లో నీళ్లుంటే తాడు బిగుసుకుంటుంది, చేతికి తెలిసిపోతుంది, మనిషి ఆగుతాడు. బటన్‌కి అలాంటి స్పర్శ లేదు. మీ బైక్‌కి కిక్ రాడ్ ఉంటే, నీళ్లు తగ్గాక ప్లగ్ విప్పి, దాన్ని చేత్తోనే నొక్కి చూడండి.