సుబ్బారావు అను నామము – పుట్టువు, ప్రచారము



మన గుణదలలోను, బెజవాడ పరిసర గ్రామములలోను పాత ఇండ్ల గోడలకు వ్రేలాడు పటముల క్రింది పేర్లను చదివికొనుచు పోయినచో ఒక నామము మాటిమాటికి ఎదురగును. సుబ్బయ్య, సుబ్బన్న, సుబ్బరాజు, సుబ్బారావు, వేంకటసుబ్బమ్మ, సుబ్బలక్ష్మి. అదే ఇంటి నుండి నేడు బడికి పోవు బిడ్డల పేర్లలో ఈ 'సుబ్బ' వినరాదు. 'సుబ్బి పెళ్ళి ఎంకి చావుకు వచ్చింది' అను సామెత మాత్రము నిలిచియున్నది. ఆ సామెత పుట్టిన దినములలో ఊరిలో ఎవరినైనను సూచింపవలెనన్న సుబ్బి, ఎంకి అను రెండు పేర్లు చాలియుండెనని గ్రహింపవలెను. ఇంతగా వాడుకలో నుండిన నామము ఎచటినుండి వచ్చినది, ఎందులకు వెనుకబడినది అనునది నేటి మన విచారము.

దీని మూలము సుబ్రహ్మణ్య శబ్దమని అందరెరుగుదురు. ఆ శబ్దము కుమారస్వామికి చెందుటకు పూర్వమే యజ్ఞశాలలో వినబడినది. సోమయాగమున ఉద్గాతకు సహాయకుడైన ఒక ఋత్విక్కునకు సుబ్రహ్మణ్యుడని పేరు. అతడు ఇంద్రుని యాగమునకు రమ్మని పిలుచు పిలుపు సుబ్రహ్మణ్యాహ్వానము. బ్రహ్మణ్యుడనగా వేదమునకును వేదవిదులకును హితుడు. దేవసేనాపతికి ఈ పేరు పిమ్మట స్థిరపడినది.

ఇక మన కృష్ణాతీరమునకు వత్తము. క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో విజయపురి నేలిన ఇక్ష్వాకులలో వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు తాను మహాసేనుని అనుగ్రహము పొందినవాడనని శాసనములందు చెప్పించుకొనెను. ఆతని సోదరి శాంతిశ్రీ భర్త పేరు స్కందశ్రీ. ప్రాకృత శాసనములలో అది 'కందసిరి' అని కానవచ్చును. అనగా పదునేడు వందల ఏండ్ల క్రిందటనే ఈ నదీతీరమున స్వామి పేరు మనుష్యులకు పెట్టుట ఆచారమై యున్నది. నాగార్జునసాగరమున మునిగిన ఆ పట్టణమునందు 1954 మొదలు 1960 వరకు జరిగిన త్రవ్వకములలో కార్తికేయుని ఆలయము బయల్పడినది. తరువాత పల్లవ యువమహారాజు శివస్కందవర్మ ధాన్యకటకములోని తన అధికారికి పంపిన ఆజ్ఞ మైదవోలు తామ్రశాసనములుగా లభించినది. ఆ రాజు పేరిలోను స్కందుడే కలడు. వేంగీ చాళుక్యులు తమ వంశప్రశస్తిలో స్వామి మహాసేనుని పాదములను ధ్యానించువారమని చెప్పుకొనిరి.

మన బెజవాడలోనే దీనికి సాక్ష్యమున్నది. పదవ శతాబ్ది నాటి యుద్ధమల్లుని శాసనమును మీలో కొందరు వినియుందురు. తెలుగు పద్యములలో, మధ్యాక్కర ఛందములో చెక్కబడిన శాసనమది. సాహిత్యచరిత్రకారులు ఛందము కొరకు దానిని తరచు స్మరింతురు. మన మిప్పుడు అందలి విషయమునకై స్మరించుచున్నాము. చేబ్రోలు నుండి జాతరకై బెజవాడకు వచ్చిన కుమారస్వామి ఈ చోటు నచ్చి ఇచటనే నిలిచెననియు, స్వామికి గుడియు మఠమును ఏర్పడెననియు అందుండి తెలియుచున్నది. అమ్మవారి కొండగా లోకము కొలుచు ఇంద్రకీలాద్రి పాదమున ఆమె కుమారునికిని ఒక ఇల్లుండెనని ఎందరెరుగుదురు?

ఐతే ఒకటి గమనింపదగినది. పైన చెప్పిన వారిలో స్కందుడు కలడు, మహాసేనుడు కలడు, కుమారస్వామి కలడు. సుబ్బరాయుడు లేడు. శూలము ధరించి సేన నడపు రాజుల దేవుడు రైతు పొలముగట్టున నాగస్వరూపియై నిలిచిన పిదప సుబ్బరాయుడైనాడని మా అభిప్రాయము. ద్రావిడదేశమున మురుగని చేత వేలాయుధము, ప్రక్కన నెమలి. కన్నడదేశమున కుక్కెలోను, మన తెలుగునాటను స్వామి సర్పరూపమున పూజలందుకొనును. కార్తిక శుద్ధ చవితినాడు పుట్టలో పాలు పోసి, మార్గశిర శుద్ధ షష్ఠినాడు సుబ్బరాయుని షష్ఠి జరుపుకొను ఇల్లాండ్రకు నాగేంద్రుడు వేరు, సుబ్రహ్మణ్యుడు వేరు అను భేదము లేదు.

కృష్ణామండలమున ఈ భక్తికి ప్రధానక్షేత్రము మోపిదేవి. అచట సర్పము చుట్టలపై లింగరూపమున స్వామి వెలసియున్నాడు. పుట్టలోని స్వామిని వెలికి తెచ్చిన వీరారపు పర్వతాలు అను కుమ్మరి భక్తుని కథను స్థలపురాణము చెప్పును. సంతానము లేనివారు, పుట్టిన బిడ్డలు దక్కనివారు అచటికి పోయి మ్రొక్కెదరు. బిడ్డ బ్రతికి బట్టకట్టినచో స్వామి పేరు పెట్టుకొందుమన్నది ఆ మ్రొక్కు. మగబిడ్డ ఐనచో సుబ్బయ్య, ఆడుబిడ్డ ఐనచో సుబ్బమ్మ లేక నాగమ్మ. పుట్టువెండ్రుకలు, చెవులు కుట్టుట అచటనే. కావున ఈ పేరు నోటికి ఇంపని పెట్టినది కాదు, బిడ్డ ప్రాణమునకు బదులుగా స్వామికి ఇచ్చిన మాట. ఒకే ఇంట పెద సుబ్బయ్య, చిన సుబ్బయ్య ఉండుటకు కారణమిదియే.

వ్యాకరణము చూచినచో సుబ్రహ్మణ్య శబ్దము జనుల నాలుకపై అరిగి 'సుబ్బ' ఐనది. దానికి అయ్య, అన్న, అమ్మ చేరినవి. 'రావు' అనునది రాజశబ్దమునుండి పుట్టినదే. గృహ్యసూత్రములు మగబిడ్డకు రెండు గాని నాలుగు గాని అక్షరముల పేరును, ఆడుబిడ్డకు బేసి అక్షరముల పేరును విధించినవి. సుబ్బారావు నాలుగక్షరములు, సుబ్బమ్మ మూడు! పల్లెటూరి తల్లి సూత్రము చదివి పెట్టలేదు గాని, పేరు సూత్రమునకు సరిపోయినది.

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఈ నామము తెలుగుదేశమంతట వ్యాపించినది. రాజమహేంద్రవరపు న్యాపతి సుబ్బారావు పంతులుగారు, దివ్యజ్ఞాన సమాజమున పేరొందిన తల్లాప్రగడ సుబ్బారావుగారు ఇరువురును 1856లో జన్మించినవారు. ఒంటిమిట్ట రామునికి జీవితమంకితము చేసిన ఆంధ్రవాల్మీకి వావిలికొలను సుబ్బారావుగారు 1863లో, కవి రాయప్రోలు వారు 1892లో జన్మించిరి. ఎంకిని సృష్టించిన నండూరి వారును, వైద్యశాస్త్రమునకు మహోపకారము చేసిన యల్లాప్రగడ వారును 1895లో జన్మించిరి. భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిన కోకా సుబ్బారావుగారు 1902లో జన్మించినవారు. వీరిలో యల్లాప్రగడ వారి పేరు ఒక శిలీంధ్రజాతికి 'సుబ్బారోమైసిస్' అని పెట్టబడినది. పుట్టలోని దేవుని పేరు ఈ విధముగా శాస్త్రజ్ఞుల జాబితాలోనికిని ఎక్కినది!

ఇట్టి నామము తగ్గిపోవుటకు సినిమా పేర్లు, నవలల పేర్లు కారణమని పెద్దలందురు. కొంత నిజమే. శరచ్చంద్రుని వంగ నవలలు తెలుగైన పిదప బిడ్డలకు ఆ పాత్రల పేర్లు వచ్చినవి; ఆ తరువాత రమేష్, సురేష్, కుమార్, ప్రసాద్. సుబ్బారావు అన్నంతనే నవ్వులాటగా చూచు అలవాటు బడిపిల్లలలో ప్రబలినది. కాని మాకు అంతకన్న పెద్ద కారణము వేరుగా తోచుచున్నది. మశూచికపు టీకాలు, ప్రసూతి వైద్యశాలలు వచ్చిన పిదప పురిటిలో బిడ్డలు పోవుట తగ్గినది. భయము తగ్గిన చోట మ్రొక్కు తగ్గును, మ్రొక్కు తగ్గిన చోట మ్రొక్కు పేరు తగ్గును. ఇందు విచారింపవలసిన దేమున్నది? సుబ్బమ్మలు తక్కువై, బ్రతికిన బిడ్డలు ఎక్కువగుట స్వామికి అప్రియము కానేరదు.

ఇంకొక చిన్న కారణమును కలదు. తాతగారి పేరు మనుమనికి పెట్టుట మన ఆచారము. మామగారి పేరు కోడలు పలుకరాదు. కావున సుబ్బారావు అను బిడ్డను కన్నతల్లియే 'అబ్బాయి' అనియో 'తాతయ్య' అనియో పిలుచుకొనుచుండెడిది. పిలువని పేరు కాగితముపై మాత్రము నిలిచి, పిదప 'వి.ఎస్.' అను పొడి అక్షరములలో దాగినది. అజామీళుడు నారాయణా యని బిడ్డను పిలిచి తరించెనని భాగవతము షష్ఠస్కంధమున విన్నాము. ఆ లెక్కన దేవుని పేరు పెట్టుటలోని ప్రయోజనము పిలుచుటలోనే కలదు. మ్రొక్కుకొని పుట్టిన బిడ్డకు పేరు పెట్టి, దానిని పొడి అక్షరముగా మార్చినవారు సగము బాకీ తీర్చినవారని మేము భావింతుము. 'సుబ్బు' అని ముద్దుగా పిలిచినవారు పూర్తిగా తీర్చినట్లే.

పుట్టల సంగతియు చెప్పవలెను. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తియైన పిదప కాలువ నీటితో మాగాణి పెరిగినది. ఏలూరు కాలువ మన గుణదల ప్రక్కనుండియే పారుచున్నది. చేలగట్టుపై రాత్రివేళ నీరు కట్టబోవు రైతుకు పాము ప్రతిదిన సత్యము. సుబ్బరాయుడు ప్రతిదిన దైవము. నేడు ఆ చేలు ఇండ్లైనవి. నాగులచవితినాడు పాలచెంబుతో పుట్టను వెదకుచు పోవలసి వచ్చుచున్నది.

ఐనను స్వామి మన ఇండ్లను విడువలేదు. నేటి నామకరణములందు వినవచ్చు కార్తికేయ, కార్తీక్, షణ్ముఖ్, స్కంద ఎవరి పేర్లు? సుబ్బయ్య తాతగారి మునిమనుమడు స్కందుడైనాడు. తలిదండ్రులు దానిని క్రొత్త పేరని తలంచెదరు. విజయపురిలో శాంతిశ్రీ భర్తకు ఆ పేరే ఉండెను.