అమ్మవారు, ఆటలమ్మ, తట్టు

సిరిసిల్లనుండి మానేటి వంతెన దాటి ఆవలి యొడ్డునకు పోయినచో తంగళ్ళపల్లి వచ్చును. 2016 అక్టోబరులో రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడినపుడు ఈ ఊరు మండల కేంద్రమైనది. అంతకు పూర్వము ఇది కరీంనగరు జిల్లాలోనిది. ఇది నేతగాండ్ర సీమ. ఇక్కడగాని, జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలోగాని, డెబ్బది యేండ్లు దాటిన అవ్వల చేతులు చూడుడు. చాలమందికి భుజము మీదనో ముంజేతి మీదనో బిళ్ళవంటి ముడుత పడిన మచ్చ కనబడును. అది మశూచికమునకు వేసిన టీకా మచ్చ. మనుమని చేతిమీద ఆ మచ్చ లేదు. వాని భుజముపై చిన్న గుర్తు ఉన్నచో అది క్షయ రాకుండ వేసిన బి.సి.జి. టీకాది.

రాళ్ళమీది శాసనములను చదివి రాజుల చరిత్ర వ్రాసిన పండితులు మనకు కలరు. తల్లులు బిడ్డలను దక్కించుకొన్న చరిత్రకు ఆ అవ్వ చేతి మచ్చ ఒక శాసనము. దానిని చదువవలెనన్న, ముందుగా ఒక చిన్న ప్రశ్న వేసికొనవలెను. పిల్లవాని ఒంటిమీద ఎఱ్ఱని పొక్కులు లేచినపుడు మన పెద్దలు వానికి ఏ పేరు పెట్టిరి?

పేర్లు చాల ఉన్నవి. మశూచికమును పెద్దమ్మవారు, స్ఫోటకము అనిరి. నీటిబొబ్బలవలె లేచి వారము పదిదినములలో మాడిపోవుదానిని ఆటలమ్మ అనిరి. జ్వరము, దగ్గు, కండ్ల ఎఱ్ఱదనముతో వచ్చి ఒళ్ళంతయు కందినట్లు చేయుదానిని తట్టు అనిరి. అయినను ఇల్లాలు పొరుగింటి వారితో చెప్పునపుడు ఈ భేదములు తరచుగా మాసిపోయెడివి. “పిల్లవానికి అమ్మవారు పోసినది” అన్న ఒక్క మాట అన్నింటికి చాలెడిది.

తెలంగాణమున పోచమ్మ గుడి లేని పల్లె అరుదు. నిజాం రాజ్యమందలి కులములను గూర్చి 1920లో గ్రంథము ప్రకటించిన సయ్యద్ సిరాజుల్ హసన్ పోచమ్మను మశూచికమునకు అధిదేవతగా పేర్కొన్నాడు. అమ్మవారు పోసిన ఇంట గడపకు వేపమండలు కట్టుదురు. బిడ్డను వేరుచాపమీద వేపాకులపై పరుండబెట్టుదురు. పరులను లోనికి రానీయరు. ఇంట తాలింపు వేయరు. పొక్కులు ఎండినపిదప వేపాకు, పసుపు వేసిన నీళ్ళు పోసి, తల్లికి బోనము సమర్పింతురు.

ఈ ఆచారములను చూచి నవ్వుట తగదని మేము తలంతుము. మందులేని కాలమున అవి బిడ్డకు కొంత మేలే చేసినవి. పరులను రానీయకుండుటచే రోగము ఇరుగిల్లు పొరుగిళ్ళకు ప్రాకుట తగ్గెను. చాప వేరు చేయుటచే తక్కిన పిల్లలకు కొంత రక్షణ కలిగెను. అన్నింటిని మించి, బిడ్డను ఒంటరిగా వదలక ఎవరో ఒకరు రేయింబవళ్ళు ప్రక్కన కూర్చుండిరి.

అయితే కీడు జరిగినది కూడ ఆ ఒక్క పేరు వలననే. అమ్మవారు పోసినపుడు మందు వేయరాదని, వైద్యునికడకు పోరాదని, కడుపునిండ అన్నము పెట్టరాదని నమ్మిక స్థిరపడెను. మశూచికమునకు నిజముగనే మందు లేదు గనుక ఆ రోగము విషయమున మందు మానినందున పోయినది స్వల్పము. కాని అదే నియమమును తట్టు వచ్చిన బిడ్డకును వర్తింపజేసినచో, దక్కవలసిన ప్రాణము దక్కకపోవచ్చును. ఒక రోగమునుండి మరియొక రోగమును వేరు చేసి గుర్తించుటయే ఈ చరిత్రలోని అసలు కథ.

ఈ గుర్తింపునకు మన దేశమునందే పాత పునాది కలదు. సుమారు ఏడెనిమిది శతాబ్దుల నాటి మాధవనిదానమున మసూరిక అను పేరు కనబడును. పొక్కు మసూరపప్పు బద్దను పోలియుండుటచే ఆ పేరు వచ్చినది. అందులోనే రోమాంతిక అను మరియొక వ్యాధి లక్షణములు చెప్పబడినవి. అది మన తట్టు అని పండితుల అభిప్రాయము. తరువాత కొలది కాలమునకు బాగ్దాదు నగరమున ప్రసిద్ధుడైన రాజీ అను వైద్యుడు మశూచికమును, తట్టును గూర్చి ప్రత్యేక గ్రంథమే రచించి, రెంటి గుర్తులను ఎదురెదురుగా ఉంచి చూపెను. ఆటలమ్మ మాత్రము ఇంకను మశూచికపు చెల్లెలుగనే చలామణి అయినది. అది పూర్తిగా వేరు జబ్బని 1767లో ఇంగ్లండు వైద్యుడు విలియం హెబర్డెన్ వివరించెను.

ఇక టీకా కథ. ఆ మాటకు బొట్టు, గుర్తు అని అర్థము. మశూచికపు పొక్కులోని రసినే ఆరోగ్యవంతుని చర్మములోనికి ఎక్కించి తేలికపాటి రోగము తెప్పించు పద్ధతి వంగదేశమున పూర్వమునుండి ఉండెను. అందు అపాయము లేకపోలేదు. 1796 మే 14వ తేదీన ఎడ్వర్డ్ జెన్నర్ ఆవుల మశూచికపు రసిని జేమ్స్ ఫిప్స్ అను ఎనిమిదేండ్ల బాలునికి ఎక్కించి అపాయము తక్కువైన మార్గము చూపెను. ఆ రసి మన దేశమునకు వచ్చిన తీరు వింతైనది. దానిని సీసాలలో చాలకాలము నిలువ ఉంచుట ఆనాడు సాధ్యము కాలేదు. ఒకరి చేతినుండి మరియొకరి చేతికి ఎక్కించుకొనుచు బాగ్దాదు, బస్రాల మీదుగా బొంబాయికి చేర్చిరి. 1802 జూన్ 14వ తేదీన బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అను మూడేండ్ల పాపకు టీకా వేసిరి. ఆ పాప చేతినుండి బయలుదేరిన రసియే పూనా, సూరతు, హైదరాబాదు, మదరాసులకు ప్రాకినది. మన అవ్వల చేతి మచ్చకు మూలపురుషుడు జెన్నరైనచో, మూలపుటమ్మ ఆ మూడేండ్ల పాప.

టీకా వచ్చినంతమాత్రమున రోగము పోలేదు. నూట అరువది యేండ్ల పిదప గూడ మన దేశమున మశూచికము ఉండెను. టీకా లేనివారిలో అది సోకిన నూర్గురిలో సుమారు ముప్పది మందిని బలిగొనెను. బ్రదికినవారిలో కొందరికి చూపు పోయెను. 1962లో భారత ప్రభుత్వము జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమమును ఆరంభించెను. 1967లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన కృషిని తీవ్రతరము చేసెను. 1973నుండి దేశమున ఇంటింటి వెదకులాట మొదలయ్యెను. ఆరోగ్య కార్యకర్తలు మశూచికము సోకిన బిడ్డ చిత్రమున్న అట్టముక్కను చేతబట్టుకొని, ఇటువంటి పొక్కులు మీ ఊరిలో ఎవరికైన ఉన్నవా అని అడుగుచు తిరిగిరి. దాచక చెప్పినవారికి బహుమతి నిచ్చిరి.

ఆ అట్టముక్కలోనే మన కథ అంతయు ఉన్నది. జబ్బు తగ్గుచు వచ్చినకొలది, జనులు చెప్పిన పొక్కులలో ఎక్కువ భాగము ఆటలమ్మయో, తట్టో, గజ్జియో అయ్యెను. వాని నడుమ అసలు దానిని ఏరుట కార్యకర్తల పని. మశూచికపు పొక్కులు ముఖమున, కాలుసేతులయందు దట్టముగా ఉండి, అన్నియు ఒకే దశలో ఉండును. ఆటలమ్మ పొక్కులు వీపున, పొట్టమీద ఎక్కువ. ఒకటి లేచుచుండగా మరియొకటి మాడుచుండును. ఈ భేదము తెలిసిన సామాన్య కార్యకర్తలే దేశమును గెలిపించిరి. 1975 మే నెలలో అస్సాములో కనబడినది మన దేశమున చివరి కేసు. 1980 మే 8వ తేదీన మశూచికము లోకమునుండి తొలగినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను.

కనుక శ్రోతలారా, నేడు మన ఇంట ఏ బిడ్డకైన “అమ్మవారు పోసినది” అన్నచో ఆ పెద్దమ్మవారు కాదని నిశ్చయముగా తెలియుచున్నది. అట్లైన అది మరి ఏమి?

మొదట తలంపవలసినది తట్టును. మూడు నాలుగు దినములు జ్వరము, దగ్గు, ముక్కు కారుట, కండ్ల ఎఱ్ఱదనము ఉండి, పిదప చెవుల వెనుకను, ముఖమునను దద్దు లేచి క్రిందికి దిగును. దీనిని తేలికగా తీసికొనరాదు. 1963లో దీనికి టీకా రాకపూర్వము లోకమున ఏటేట సుమారు ఇరువది యారు లక్షలమంది దీని వలన మరణించిరని అంచనా. ప్రాణము తీయునది దద్దు కాదు. దాని వెంట వచ్చు ఊపిరితిత్తుల వాపు, విరేచనములు. తిండి చాలని బిడ్డలకు కన్ను పోవుటయు కలదు. అందుచేతనే వైద్యులు ఈ జబ్బులో ఎ విటమిను నిత్తురు. పథ్యము పేరిట ఆ బిడ్డకు ఆహారము తగ్గించుట ఎంత చేటో దీనిని బట్టి గ్రహింపవచ్చును. మన దేశమున 1985నుండి తట్టు టీకా సార్వత్రిక కార్యక్రమమున చేరినది. 2017 ఆగస్టులో తెలంగాణమున తట్టుతోబాటు రుబెల్లాకును కలిపిన టీకా మొదలయ్యెను. తొమ్మిది నెలలు నిండిన పిదప ఒకసారి, పదునారు నెలలు దాటిన పిదప మరల ఒకసారి దీనిని వేయించవలెను.

రుబెల్లా దద్దు పిల్లవానికి రెండు మూడు దినముల ముచ్చట. కాని ఆ పిల్లవానినుండి గర్భవతియైన తల్లికి సోకినచో కడుపులోని శిశువునకు కంటిలో పొర, గుండె లోపము కలుగవచ్చునని 1941లో ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ కనుగొనెను. ఆటలమ్మ చాలమంది పిల్లలకు తేలికగనే పోవును. అయితే ఆ క్రిమి శరీరమున దాగియుండి, ముసలితనమున నడుమునో రొమ్మునో ఒక ప్రక్కన మంటగా లేవవచ్చును. దానిని మనవారు సర్పి అందురు. మన పెద్దలు పెక్కు జబ్బులకు ఒక పేరు పెట్టిరి. ఇచ్చట ఒకే క్రిమికి రెండు పేర్లు పెట్టిరి.

జ్వరము లేకుండ, రాత్రివేళ దురద హెచ్చుచు, వ్రేళ్ళ సందులలో, మణికట్టున, పొట్టమీద పొక్కులు లేచినచో అది గజ్జి కావచ్చును. కంటికి ఆనీ ఆననంత చిన్న పురుగు చర్మములో దొలుచుటయే దీనికి కారణమని 1687లో ఇటలీ వైద్యుడు బొనోమో వ్రాసెను. ఇది దేవతాగ్రహమును కాదు, రక్తదోషమును కాదు. ఒకే దుప్పటిలో నలుగురు పిల్లలు పరుండు ఇండ్లలో ఇది సులభముగా ప్రాకును. బిడ్డ నొక్కనికే మందు పూసి తక్కినవారిని వదలినచో నెల తిరుగకమునుపే మరల వచ్చును. ఇంటిల్లిపాది ఒకే దినమున మందు పూసికొని, బట్టలు, పక్కలు వేడినీళ్ళలో ఉతికి ఎండబెట్టవలెను.

వేసవిలో మెడ, వీపు, చంకలలో లేచు చెమటకాయలు చెమటనాళములు మూసికొనుట వలన వచ్చునవి. గాలి, పలుచని నూలు బట్ట, చల్లని నీళ్ళ స్నానము వానికి చాలును. నేతగాండ్ర ఊళ్ళలో ఆ నూలు బట్టకు కొదువ ఏమి!

ఇక ఏ పొక్కులకైనను వైద్యునికడకు వెంటనే తీసికొనిపోవలసిన గుర్తులు కొన్ని కలవు. బిడ్డ ఎగఊపిరి తీయుట, పాలుగాని నీళ్ళుగాని త్రాగలేకపోవుట, మగతగా పడియుండుట, మూర్ఛ వచ్చుట, కండ్లు తెరువలేకపోవుట, గాజుగ్లాసు అదిమి చూచినను మాయని ఎఱ్ఱని లేక నీలి మచ్చలు. వానకాలమున జ్వరముతో దద్దు లేచినచో డెంగీయు కావచ్చును. ఆటలమ్మలోగాని డెంగీలోగాని ఆస్ప్రిన్ బిళ్ళ బిడ్డకు ఇయ్యరాదు.

గడపకు వేపమండ కట్టవలదని మేము చెప్పము. పోచమ్మకు బోనము మానుమనియు చెప్పము. వేపమండ కట్టిన చేతితోనే బిడ్డ నెత్తుకొని ఆస్పత్రికి పొండు. పథ్యమని బిడ్డ కడుపు మాడ్చకుడు. ఆ అవ్వ చేతి మచ్చ మనుమనికి లేకపోవుట మన తరము పొందిన భాగ్యము. అదే రీతిగా తట్టును గూడ, ఈ ఇంటివారు ఎఱుగని రోగముగా చేయుట నేటి తల్లిదండ్రుల చేతిలోనే ఉన్నది.