యుద్ధం తెరిచిన బడులు

ఆదివారం వచ్చిందంటే మన జిల్లా పేజీల్లో ఒక ఫొటో తప్పదు. 1974-75 పదో తరగతి బ్యాచ్ స్వర్ణోత్సవ ఆత్మీయ సమ్మేళనం. వెనక ఫ్లెక్సీ, ముందు వరుసలో శాలువాలు కప్పుకున్న మాస్టార్లు, చుట్టూ తల నెరిసిన శిష్యులు. ఒమాన్‌లో బతుకుతూ ఆ ఫొటోలు చూసేవాళ్ళకు ఒక ప్రశ్న రాక మానదు. ఇదే వయసు ఒమానీలు అలాంటి ఫొటో దిగాలంటే ఏ బడి ముందు నిలబడాలి? 1970 జులై నాటికి ఈ దేశం మొత్తానికి సర్కారు బడులు మూడే: మస్కట్‌లో ఒకటి, మత్రాలో ఒకటి, సలాలాలో ఒకటి. పిల్లలు 909 మంది, అందరూ మగపిల్లలే. చదువు ప్రాథమిక తరగతులతో సరి. ఊళ్ళలో చెట్టు కింద ఖురాన్ చదివించే పంతుళ్ళు ఉండేవారు గానీ వాళ్ళు ఈ లెక్కలోకి రారు. అప్పటికే దక్షిణాన ధోఫార్ కొండల్లో యుద్ధం మొదలై ఐదేళ్ళయింది, ముగియడానికి ఇంకో ఐదేళ్ళు ఉంది. అంటే ఒమాన్‌లో పుస్తకం పట్టి పై తరగతుల దాకా వెళ్ళిన మొదటి తరం పూర్తిగా యుద్ధకాలపు తరం. కొత్త సుల్తాను వచ్చి బడులు తెరిచాడన్నది ఇక్కడ అందరూ చెప్పే కథ. అది నిజమే, కానీ సగమే. బడులను తెరిపించింది యుద్ధం. అదీ ఒక వైపున కాదు, రెండు వైపులా.

పాత సుల్తాను సయీద్ బిన్ తైమూర్‌ను అర్థం చేసుకోవడం భారతీయులకు కొంత తేలిక, ఎందుకంటే ఆయన చదివింది మన దేశంలోనే, అజ్మీర్‌లోని మేయో కాలేజీలో. సంస్థానాల రాకుమారుల కోసం ఇంగ్లిష్‌వాళ్ళు పెట్టిన బడి అది. జనానికి చదువు చెప్పబట్టే మీరు ఇండియాను పోగొట్టుకున్నారని ఆయన తర్వాత ఒక బ్రిటిష్ సలహాదారుతో అన్నాడని చరిత్రకారులు రాస్తారు. ఆ మాట అక్షరాలా అన్నా అనకపోయినా పాలన మాత్రం అలాగే నడిచింది. దేశం వదలాలంటే అనుమతి కావాలి. చదువు కోసం కువైట్‌కో, బహ్రెయిన్‌కో, కైరోకో పోయిన కుర్రాళ్ళకు తిరిగి వచ్చే దారి ఉండేది కాదు. రాత్రి మస్కట్ కోట తలుపులు మూశాక వీధిలో నడిచేవాడి చేతిలో లాంతరు ఉండి తీరాలి. ఇంత భయపడ్డ పాలకుడికి తాను దేనికి భయపడ్డాడో అదే ఎదురైంది. బయటికి పోయి చదువుకున్నవాళ్ళూ, గల్ఫ్‌లో కూలికి పోయి రాజకీయం నేర్చుకున్నవాళ్ళూ కలిసి 1965 జూన్ 9న ధోఫార్‌లో తిరుగుబాటు ప్రకటించారు.

హైదరాబాద్ సంస్థానం సంగతి తెలిసిన పాఠకులకు ఇది కొత్తగా అనిపించదు. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను బయటికి పంపితే వాళ్ళను నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. పి.వి. నరసింహారావు చదువు నాగపూర్ దారి పట్టింది అప్పుడే. పాలకుడు గేటు మూస్తే కుర్రాడు సరిహద్దు దాటి చదువుకుంటాడు, దాటినవాడు మునుపటివాడిలా తిరిగి రాడు. అయితే తేడా కూడా చెప్పుకోవాలి. నిజాం ఒక విశ్వవిద్యాలయం కట్టించాడు, తెలుగు పల్లెకు మాతృభాషలో బడి మాత్రం పెద్దగా అందనివ్వలేదు. సయీద్ పైది కట్టనే లేదు, కిందది మూడు బడులు దాటనివ్వలేదు. ఇంకొక బంధుత్వం కూడా ఉంది. నిజాం సైన్యంలో చేరి, నేటికీ హైదరాబాద్ బార్కస్‌లో ఉంటున్న అరబ్బు కుటుంబాల పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చారు. దానికి తూర్పున మహ్రా, మహ్రాను ఆనుకుని ధోఫార్. మన పాతబస్తీ మూలాలు ఉన్న నేలకు పక్కనే ఈ యుద్ధం జరిగింది. తెలంగాణ సాయుధ పోరాటం మనకు కథలుగా, పాటలుగా ఇంటింటా ఉంది. ఆ నేల పక్కనే జరిగిన దీని గురించి మాత్రం మనవాళ్ళకు దాదాపు ఏమీ తెలియదు.

తిరుగుబాటుదారుల ఫ్రంట్ 1970లో సరిహద్దు దాటి, అప్పటి దక్షిణ యెమెన్‌లో పిల్లలకు బడి పెట్టింది. తర్వాత ఆ బడులు అల్ గైదాలో స్థిరపడ్డాయి. విప్లవ పాఠశాలలని పేరు. డేరాలే తరగతి గదులు. ఆడపిల్లలు, మగపిల్లలు ఒకే చోట చదివేవారు. వంట, ఊడ్చడం, కాపలా వంతులవారీగా చేసేవారు. కొండ కుటుంబాల పిల్లలకు ఇంట్లో మాట జిబ్బాలి, దానికి రాత లేదు. అక్షరాలు నేర్చుకోవాలంటే అరబ్బీలోనే. లెబనాన్ దర్శకురాలు హైనీ స్రూర్ 1971లో ఫ్రంట్ వెంట నడిచి తీసిన చిత్రంలో ఆ పిల్లలు కనిపిస్తారు. 1974లో ఆ చిత్రం కాన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. అందులో ఆడపిల్లలు సభలో లేచి నిలబడి మాట్లాడే తీరు చూస్తే, చిత్రం తీసిన ఆ ఏడాది మస్కట్‌లోని ఆడపిల్లలకు బడి గడప ఇంకా ఎంత కొత్తో గుర్తొచ్చి మనసు కలుక్కుమంటుంది.

1970 జులై 23న తండ్రిని దించి గద్దె ఎక్కిన సుల్తాన్ ఖబూస్ ముందున్నది ఇదే సమస్య. కొండమీది మనిషికి బడి, మందు, ఆడపిల్లకు అక్షరం ఇస్తామంటున్నది శత్రువు. వాళ్ళకంటే ముందు తాను ఇవ్వాలి. మొదటి విద్యా సంవత్సరంలోనే బడులు 16 అయ్యాయి, పిల్లలు ఏడు వేలకు చేరారు, వారిలో ఆడపిల్లలూ ఉన్నారు. యుద్ధం ముగిసే నాటికి బడులు రెండు వందలు దాటాయి. కప్పులు లేని చోట డేరాలు వేశారు, మాస్టార్లను ఈజిప్టు, జోర్డాన్‌ల నుంచి తెచ్చారు. ధోఫార్‌లో పద్ధతి ఇంకా స్పష్టం. సైన్యం, లొంగిపోయి వచ్చినవాళ్ళతో కూడిన ఫిర్ఖా దళం కలిసి ఒక చోటును పట్టుకుంటాయి. బుల్డోజర్ దారి వేస్తుంది, వెనకే బోరు యంత్రం వస్తుంది. నీళ్ళు పడగానే పశువులకు తొట్లు కడతారు. ఆ తర్వాత వైద్యశాల, కొట్టు, మసీదు, బడి. కొండవాళ్ళకు ఆవులు ప్రాణం. ఆవులు తొట్టి దగ్గరికొస్తే మనుషులు వస్తారు, మనుషులు వస్తే పిల్లలు బడికొస్తారు. గెలుపులో విమానాలకు, ఇరాన్ షా పంపిన సైన్యానికి ఎంత పాత్ర ఉందో ఆ తొట్టికీ ఆ బడికీ అంత పాత్ర ఉంది.

యుద్ధం లేకున్నా బడులు వచ్చేవి, చమురు వచ్చింది కదా అంటారు కొందరు. చమురు ఎగుమతి మొదలైంది 1967లో. ఆ తర్వాత మూడేళ్ళు పాత సుల్తాను గద్దె మీదే ఉన్నాడు, బడులు మాత్రం మూడు నాలుగు కాలేదు. డబ్బు ఉంటే వీలవుతుంది, అవసరం పుడితేనే ఖర్చవుతుంది. రెండో అభ్యంతరం ఇంకా బరువైనది: అల్ గైదాలోది బడి కాదు, పిల్లల చేతికి తుపాకీ ఇచ్చిన శిబిరం అని. ఇందులో నిజం ఉంది. సైనిక శిక్షణ ఉంది, సిద్ధాంతం నూరిపోయడమూ ఉంది. పిల్లల్ని యుద్ధానికి తయారు చేయడం ఏ జెండా కింద జరిగినా తప్పే. కానీ ఆ తప్పు చెప్పి అక్కడ నేర్చిన అక్షరాన్ని కొట్టేయలేం. అదే కొలత పెడితే బోరుబావి పక్కన కట్టిన సర్కారు బడి కూడా యుద్ధ వ్యూహంలో భాగమే. రెండు చోట్లా పెద్దల లెక్క వేరు, పిల్లవాడికి దక్కినది వేరు.

పాత గాయాలు రేపడమెందుకు, ఒమాన్ నెమ్మదిగా ఉంది కదా అనేవాళ్ళూ ఉన్నారు. మన లాంటి వలసదారులకు ఈ మాట బాగా నచ్చుతుంది. ఇక్కడ ఖరీఫ్ అని పిలిచే వానాకాలంలో సలాలా కొబ్బరితోటల మధ్య నిలబడితే కోనసీమ గుర్తొచ్చి గొంతు పట్టేస్తుంది. గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు జులైలో వెయ్యి కిలోమీటర్లు కారులో వెళ్ళేది ఆ పచ్చదనం కోసమే. ఆ తోటల వెనకున్న కొండల మీదే పదేళ్ళు బాంబులు పడ్డాయి. 1972 జులై 19న ధోఫార్‌లోని మిర్బాత్ పట్టణం మీద తిరుగుబాటుదారులు దాడి చేసింది ఇదే ముసురులో. నెమ్మది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే నెమ్మది చెడిపోదు. ఖబూస్ క్షమాభిక్ష ఇచ్చి నిన్నటి తిరుగుబాటుదారులను కొలువులోకి తీసుకున్నాడు. ధోఫార్ ఫ్రంట్ నుంచి వచ్చిన యూసుఫ్ బిన్ అలవి రెండు దశాబ్దాలకు పైగా విదేశాంగం చూశారు. మనుషులను కలుపుకోగలిగిన దేశం వాళ్ళ బడిని కూడా చరిత్రలో కలుపుకోగలదు. ఇంతవరకు ఆ జ్ఞాపకం ఎక్కువగా బయటివాళ్ళ చేతుల్లోనే ఉంది. ఒక లెబనాన్ దర్శకురాలి చిత్రంలో, ఈజిప్టు రచయిత సోనల్లా ఇబ్రహీం నవల ‘వర్దా’లో.

యుద్ధం 1975 డిసెంబరు 11న ముగిసినట్టు సుల్తాను ప్రకటించాడు. అదే ఏడాది మన పిల్లల కోసం ఇండియన్ స్కూల్ మస్కట్ మొదలైంది. ఆనాడు డేరాల్లో అక్షరాలు దిద్దిన పిల్లలు, సరిహద్దుకు ఇటువైపువాళ్ళయినా అటువైపువాళ్ళయినా, ఇప్పుడు అరవైకి అటూ ఇటూ ఉన్నారు. మనతో ఆఫీసుల్లో పనిచేసి రిటైరైనవాళ్ళూ, మన వీధి చివర మసీదు నుంచి ఇంటికి నడిచి వెళ్ళే పెద్దలూ వాళ్ళలో ఉండవచ్చు. ఒమాన్‌లో ఉన్న తెలుగువాళ్ళకు నా విన్నపం ఒకటే. అరబ్బీ వచ్చిన ప్రతి ఒక్కరూ ఆ పెద్దల్ని మర్యాదగా అడగండి: మొదటి బడి ఎక్కడ, మాస్టారు ఎవరు, పక్కన కూర్చున్నవాడు ఏమయ్యాడు? చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టండి.