కంబదూరు పెరటిలో వసంతము

వసంతఋతువనగానే చిగిరించిన చెట్లు, విరబూసిన పూలు మన మనస్సునకు తట్టును. శీతలదేశములలో ఇట్లగుటకు కారణము సులభముగానే తెలియును. అచ్చట మంచు కరగి నేల తడియును, పగటికాలము పెరుగును, చలికి ముడుచుకొని యున్న మొగ్గలు విచ్చును. అనంతపురం జిల్లా పడమటి భాగమున, కర్ణాటక సరిహద్దు చెంతనున్న కంబదూరు వంటి గ్రామములలో వసంతము ఇట్టిది కాదు. ఇచ్చట అది నేల తడియు కాలము కాదు, నేల నెఱ్ఱెలు విచ్చు కాలము.

పడమటి కనుమలు అడ్డుగా నుండుటచే నైరుతి ఋతుపవనములు ఈ పీఠభూమికి తమ తేమను చాలవరకు పోగొట్టుకొని వచ్చును. ఈశాన్య ఋతుపవనములు తూర్పుతీరమునుండి ఇంతదూరము చేరునప్పటికి బలహీనమగును. అందుచే జిల్లాలో సాలుసరి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అందును వాన ఎక్కువగా కురియు నెలలు సెప్టెంబరు, అక్టోబరు. చైత్రమాసము వచ్చునప్పటికి మంచి వాన కురిసి నాలుగైదు నెలలు గడచి యుండును. అయినను ఆ మాసమందే పెరటిలో వేప పూయును, కాగితపు పూలతీగ పూయును, మల్లె పూయును. నీరు లేనివేళ ఇవి ఎట్లు పూయుచున్నవి? ఈ మూడు మొక్కలును ఆ ప్రశ్నకు మూడు వేర్వేరు సమాధానములను చెప్పును. కడపటి సమాధానములో వృక్షశాస్త్రముతోబాటు మానవచరిత్రయు ఇమిడి యున్నది.

వేప: వేరు బలము

ఉగాది పచ్చడిలో వేపపూత వేయనిదే మనకు పండుగ జరుగదు. ఆ పూత ఎవరును నీరు పోయకయే సకాలమునకు వచ్చును. వేపవేళ్ళు నేలలోనికి లోతుగా పోయి, పైమన్ను ఎండినను అడుగుననున్న తేమను గ్రహించును. వేసవికి ముందు చెట్టు పాత ఆకులను రాల్చి, ఆకులద్వారా ఆవిరియై పోవు నీటిని ఆదా చేసికొని, కొత్త చిగురుతో పూతను తొడుగును.

ఈ సమయమున పూయుటలో మఱియొక లాభము కలదు. వేప విత్తనము చెట్టునుండి రాలిన కొద్ది వారములకే మొలకెత్తు శక్తిని కోల్పోవును. వసంతమున పూచినచో కాయలు పండి తొలకరి నాటికి నేలకు రాలును. పక్షులు పండ్లను తిని విత్తనములను దూరముగా వెదజల్లును. ఇట్లు వేప మనుష్యుని సాయము లేకయే తన సంతతిని నిలుపుకొనగలదు.

కాగితపు పూలు: ఎండుటయే సంకేతము

కాగితపు పూలతీగ మన దేశపుది కాదు. దాని జన్మస్థలము దక్షిణ అమెరికా. ఫ్రెంచి నావికుడు బుగేన్విల్ భూప్రదక్షిణ యాత్రలో పాల్గొన్న వృక్షశాస్త్రజ్ఞుడు కామెర్సాన్ 1767లో బ్రెజిల్ దేశపు రియో డి జనైరో వద్ద దీనిని గుర్తించెను. ఆ నావికుని పేరే మొక్కకు వచ్చినది. మనము పూరేకులని భ్రమించు రంగు రేకులు నిజమునకు పుష్పపుచ్ఛములు, అనగా రూపుమారిన ఆకులు. వాని నడుమ సన్నని గొట్టములవలె నున్నవే అసలు పూలు.

ఈ తీగకు విస్తారముగా నీరు పోసినచో ఆకులు దట్టముగా పెరిగి పూలు తగ్గును. నీరు తగ్గించినచో పూలు పెరుగును. ఉష్ణదేశపు మొక్కలు కొన్నింటికి ఎండుకాలమే పూతకు సంకేతము. కన్నడదేశపు చిక్కమగళూరు కొండలలోని కాఫీ మొక్కయు ఇట్టిదే. దాని మొగ్గలు కొన్ని వారములు నీటి ఎద్దడికి లోనై, పిమ్మట ఒక జల్లు కురియగనే ఒక్కుమ్మడిగా విచ్చును. కాగా కరువు సర్వదా పూవునకు శత్రువు కాదు. మితముగా నున్నచో అది పూవునకు ప్రేరకము కూడ.

మల్లె: విత్తనము లేని తీగ

మల్లెసాగు చేయువారు ఈ సూత్రమును అనుభవముచే ఎఱుగుదురు. శీతకాలమున పొదకు కొంతకాలము నీరు ఆపి, కొమ్మలు కత్తిరించి, మిగిలిన ఆకు దూసివేయుదురు. పిదప ఎరువు వేసి నీరు కట్టుదురు. మల్లె కొత్త కొమ్మలమీదనే పూయును గనుక, ఆ చిగుళ్ళతో మొగ్గలు వచ్చును. అయితే మల్లెకు వేపవలె లోతైన వేరు లేదు. ఎద్దడి ముగిసిన తరువాత ఎవరైనను నీరు పోసి తీరవలెను.

ఇంతకంటె ముఖ్యమైన విషయము మఱియొకటి కలదు. మన పెరళ్ళలోని మల్లె సాధారణముగా విత్తనము కట్టదు. కొమ్మను నాటియో, నేల అంటు తొక్కియో దానిని వ్యాపింపజేయవలెను. ఒక ఇంటి పొదకు పొరుగింటి పొద తల్లి. దానికి వేరొక ఊరిది తల్లి. నేడు పూచుచున్న ప్రతి మల్లెపొదయు వెనుకటి తరములవారి పొదనుండి చేతిమీదుగా వచ్చిన ముక్కయే. ఈ గొలుసులో ప్రతి లంకెయు ఎవరో ఒకరు వేసవిలో పోసిన నీటితో ఏర్పడినది.

ఈ గొలుసు ఎంత ప్రాచీనమో ఊరి పేర్లు, దేవుళ్ళ పేర్లు కొంత సూచించును. 8వ శతాబ్ది మొదలు 11వ శతాబ్ది వరకు ఈ ప్రాంతమును నొళంబ రాజులు ఏలిరి. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని హేమావతి వారి రాజధాని. కంబదూరులోని ప్రాచీనాలయమున వెలసిన దేవుడు మల్లికార్జునుడు. మల్లిక యనగా మల్లెయే. ఈ పేరు ఆ ఊరి పెరళ్ళలో నాడే మల్లె యుండెనని నిరూపింపదు గాని, పూజలో ఆ పూవునకు గల స్థానమును తెలుపును. 1443లో విజయనగరమునకు వచ్చిన పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ అచ్చటి గులాబీల అంగళ్ళను వర్ణించుచు, ఆ పురజనులు ఆ పూలను అన్నమువలె అవసరముగా ఎంచుచున్నారని వ్రాసెను. వాన తక్కువైన సీమలో పూవు విలాసవస్తువు కాక నిత్యావసరమై యుండుట గమనింపదగినది.

1876 మొదలు 1878 వరకు దక్షిణ భారతమును ధాత కరువు పీడించెను. నాడు ఈ ప్రాంతము బళ్ళారి జిల్లాలో నుండెను. అనంతపురం ప్రత్యేక జిల్లా యగుట 1882లో. ఆ కరువున మనుష్యులు, పశువులు లక్షల సంఖ్యలో మరణించిరి. వేప తన వేరుతో అట్టి కాలమును దాటగలదు. విత్తనము లేని మల్లెకు ఆ దారి లేదు. మల్లె ఈ సీమలో ఎండిపోయిన చోట, నీరు నిలిచిన మఱియొక చోటినుండి అంటు తెచ్చి నాటిననే తిరిగి రాగలదు. అట్లు తెచ్చినవారి పేర్లు ఏ శాసనమునను లేవు.

బిందెడు నీటి లెక్క

ఇంతకును ఆ నీరు ఎచ్చటిది? స్నానము చేసిన నీరు, అంట్లు తోమిన నీరు. ఇంటి కాలువ పారు చోటనే పూలపొద నాటుట మన పల్లెలలో పాత అలవాటు. దీని విలువను చిన్న లెక్కచే తెలిసికొనవచ్చును. ఒక మిల్లీమీటరు వాన యనగా ఒక చదరపు మీటరు నేలపై ఒక లీటరు నీరు. కాగా ఒక చదరపు మీటరున నున్న పొదకు ఏడాది పొడుగునను ఆకాశమునుండి లభించునది 550 లీటర్లు. ఫిబ్రవరినుండి నాలుగు నెలలు, అనగా 120 దినములు, దినమునకు 12 లీటర్ల బిందెడు వాడిన నీరు పోసినచో 1,440 లీటర్లగును. ఏడాది వానకు ఇది రెండున్నర రెట్లకు పైమాట. ఆ చదరపు మీటరు నేల కరువు సీమనుండి తప్పించుకొన్నట్లే.

1970 తరువాతి దశాబ్దములలో బోరుబావులు వ్యాపించి, భూగర్భజలము అడుగంటి, అనేక కపిల బావులు ఎండిపోయినవి. పెరళ్ళు సిమెంటు గచ్చులై, వాడిన నీరు వీధి కాలువలోనికి పోవుచున్నది. పూర్వము సీకాయ, సున్నిపిండి కలిసిన నీరు మొక్కకు అంతగా హాని చేయలేదు. నేటి బట్టల సబ్బు పొడులలోని సోడియం లవణములు నేలలో పేరుకొనినచో మన్ను బిగుసుకొని వేళ్ళకు గాలి ఆడదు. అందుచే బట్టలుతికిన నీటిని విడిచి, కూరలు, బియ్యము కడిగిన నీటిని, స్నానపు నీటిని పొదకు మళ్ళించుట మేలు.

పాఠశాలలలో ఉపాధ్యాయులు దీనిని ఒక పరిశీలనగా నడుపవచ్చును. ప్రతి విద్యార్థియు తన ఇంట వేప తొలిపూత, మల్లె తొలిమొగ్గ కనబడిన తేదీలను, ఆ నెలలో కురిసిన వానను ఏటేట ఒక పుస్తకమున వ్రాయవలెను. మల్లె అంటు ఎవరి ఇంటినుండి వచ్చినదో పెద్దలనడిగి దానిని కూడ వ్రాయవలెను. పదేండ్లలో ఆ పుస్తకము ఊరి వాతావరణమునకును, ఊరి చరిత్రకును సాక్ష్యమగును.