ఎదుటి కన్నును కాచే దీపం

ఇచ్ఛాపురం దాటి గిరిసోల మీదుగా బరంపురం, ఛత్రపురం, గంజాం, రంభ... చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే లారీలన్నీ ఈ దారి పట్టాల్సిందే. కాగితాల మీద ఇది పదహారో నంబరు జాతీయ రహదారి. పాత డ్రైవర్ల నోట మాత్రం ఇప్పటికీ ఐదో నంబరు రోడ్డే. నాలుగు వరుసలు కాకముందు ఒకే తారుబాట మీద బళ్లు ఎదురెదురుగా వచ్చేవి. ఆ రాత్రుల్లో పాటించాల్సిన మర్యాద లారీల వెనక తలుపుల మీద రంగులతో రాసి ఉండేది: ‘యూజ్ డిప్పర్ ఎట్ నైట్’, అంటే రాత్రిపూట దీపం కిందికి దించమని. నీకు దారి కనబడాలి, ఎదుటివాడికీ కనబడాలి. ఆ నాలుగు మాటల సారం ఇదే.

ఈ మర్యాద వెనక వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. విద్యుత్ దీపాల వెలుగు దూరం పోయేకొద్దీ ఎదురొచ్చేవాడి అవస్థ పెరిగింది. తొలినాళ్లలో దీపం దించాలంటే బండి ఆపి, దిగి, చేత్తో వంచాలి. 1917లో కాడిలాక్ కారు లోపలే అందుకో మీట అమర్చింది. 1920ల నడుమ జర్మనీలో ఓస్రామ్ కంపెనీ తెచ్చిన బైలక్స్ బల్బుతో పని ఇంకా తేలికైంది. ఒకే గాజుబుడ్డిలో రెండు తీగలు, ఒకటి దూరం చూడటానికి, రెండోది దగ్గర చూడటానికి. దగ్గరి తీగ కింద దొన్నెలాంటి చిన్న లోహపు రేకు ఉంటుంది. తీగ వెలుగు వెనకనున్న అద్దం అడుగు భాగానికి తగలకుండా అది అడ్డుకుంటుంది. అడుగున తగిలిన వెలుగే పైకి లేచి ఎదుటివారి కంట్లో పడుతుంది కాబట్టి, ఆ రేకు ఉన్నంతసేపూ కిరణాలు నేలనే తాకుతాయి.

ఎదుటివారి కళ్లు చెదరకుండా మన దేశంలో హెడ్‌లైటు పైభాగాన నల్లరంగు పూసే అలవాటు దశాబ్దాలపాటు సాగింది. చట్టం కూడా ఈ సంగతి పట్టించుకుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 106వ నియమం ప్రకారం, దీపానికి 8 మీటర్ల ముందు, నేలకు 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కన్ను చెదరకూడదు. రోడ్డు పక్కన నిలబడ్డ మనిషి కన్ను ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉంటుంది.

కన్ను చెదిరితే తేరుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. వయసు మళ్లినవారికి, శుక్లాలున్నవారికి ఇంకా ఎక్కువ. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు దూసుకుపోతుంది. ఆ 22 మీటర్లలో ఆగిన ట్రాక్టరు ఉండవచ్చు, రోడ్డు దాటే పశువు ఉండవచ్చు, సైకిలు తొక్కే కూలీ ఉండవచ్చు.

దీపం దించే పనిని యంత్రానికి అప్పగించాలన్న ఆలోచన కూడా పాతదే. 1952లో జనరల్ మోటార్స్ ‘ఆట్రానిక్ ఐ’ అనే కాంతిని పసిగట్టే పరికరాన్ని కార్లలో పెట్టింది. 1967లో సిట్రోయెన్ డీఎస్ కారు దీపాలు స్టీరింగు తిరిగిన వైపు తిరిగాయి. 2013లో ఆడి ఏ8 ‘మ్యాట్రిక్స్’ దీపాలతో వచ్చింది. ఒక్కో హెడ్‌లైటులో దూరపు వెలుగుకే 25 ఎల్‌ఈడీలు. కారు ముందు అద్దం వెనక కెమెరా ఎదుటి బండిని కనిపెట్టగానే అటువైపు వెలిగేవి మాత్రమే ఆరిపోతాయి లేదా మందగిస్తాయి. ఎదుటి బండి ఉన్నంత మేర చీకటి, దానికి రెండు పక్కలా పూర్తి వెలుగు. ఆ బండి కదిలేకొద్దీ చీకటీ దాని వెంటే జరుగుతుంది. ఇలాంటి దీపాలను అమెరికా 2022లో గానీ అనుమతించలేదు.

ఎదుటి కన్ను కోసం అవసరమైన మేర వెలుగు తగ్గించాలన్న ఇదే సూత్రాన్ని గంజాం తీరంలో మనుషులు పాటిస్తున్నారు. రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో గుడ్లు పెడతాయని 1994లో శాస్త్రలోకానికి తెలిసింది. 45 నుంచి 55 రోజులకు పిల్లలు రాత్రిపూట ఇసుక తోసుకుని పైకొస్తాయి. సముద్రం వైపు దిగంతం కాస్త తేటగా ఉంటుంది. ఆ తేటదనాన్నే నమ్ముకుని నడుస్తాయి. ఊళ్ల దీపాలు, ఫ్యాక్టరీ దీపాలు అంతకన్నా ప్రకాశిస్తే వెనక్కి తిరిగి కుక్కల పాలవుతాయి, లేదా తెల్లారాక ఎండకు మాడిపోతాయి. పొడంపేట, గోఖర్‌కుడ, పురుణబంధ ఊళ్లలో తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పిల్లలు పుట్టే రోజుల్లో అటవీశాఖ ఆ చుట్టుపక్కల దీపాలు ఆర్పించడమో మరుగుపరచడమో చేస్తుంది. ఒడ్డు పొడవునా వలలు కట్టిస్తుంది. దారి తప్పినవాటిని ఊరి కుర్రాళ్లు ఏరి నీళ్లలో వదులుతారు.

మళ్లీ రోడ్డు మీదికి వస్తే, కెమెరా కళ్లున్న దీపాలు నేటికీ ఖరీదైన కార్లకే ఎక్కువ. బరంపురం బైపాస్ మీద నడిచేవి లారీలు, ఆటోలు, మోటారు సైకిళ్లు. మామూలు బల్బు కోసం చేసిన అద్దంలో బజారు ఎల్‌ఈడీ బిగిస్తే వెలుగు అదుపు తప్పి ఎదుటివారి కంట్లో పొడుస్తుంది. ఫిట్‌నెస్ పరీక్షలో దీపాల వాలు నిజంగా కొలవాలి. అలాంటి బల్బులు అమ్మేవారినీ బిగించేవారినీ అడిగేవాళ్లుండాలి. ఇక డిప్పర్ మీట ప్రతి బండికీ ఉంది, దాన్ని నొక్కడానికి పైసా ఖర్చు లేదు. ఎదుటివాడు దించేదాకా నేనూ దించనని పంతానికి పోతే, ఒకే రోడ్డు మీద ఇద్దరు గుడ్డివాళ్లు బండి నడిపినట్టే. ముందు మనమే దించుదాం.