రాఘవగారును స్త్రీపాత్రలును

మా యాలూరు 1953లో నాంధ్రరాష్ట్ర మేర్పడువఱకు బళ్ళారి జిల్లాలోనిదే. కావున బళ్ళారి రాఘవగారు మాకు పరాయివారు కారు. వారు 1880లో తాడిపత్రియందు జన్మించి, బళ్ళారిలో న్యాయవాదియై, మేనమామయు సరసవినోదినీ సభాస్థాపకులునైన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి ప్రోత్సాహమున రంగమెక్కిరి. కోలాచలము శ్రీనివాసరావుగారి నాటకమున వారు ధరించిన పఠాన్ రుస్తుము పాత్ర సుప్రసిద్ధము.

ఆ కాలమున మీసము గొఱిగించుకొని చీర కట్టిన పురుషుడే నాయిక. ప్రేక్షకుల కందు లోపము తోచలేదు. పద్యము రాగయుక్తముగా వినబడిన జాలును. రాఘవగారు మాత్రము స్త్రీపాత్రను స్త్రీయే ధరింపవలెనని పట్టుపట్టిరి. ఎదుటివారి చూపులో నిజము లేనప్పుడు తన పలుకును తేలిపోవునని నటునికి దెలియకుండునా? కొమ్మూరి పద్మావతీదేవిగారు మున్నగువారు వారితో గూడ నటించిరి.

ఇందు సాహస మెవ్వరి దెక్కువ యని మేము తఱచు తలపోయుదుము. రాఘవగారికి వకీలు వృత్తియు, పేరును అండగా నుండెను. ఆ స్త్రీల కట్టి యండ లేదు. వేదిక దిగిన పిమ్మట నోరున్న ప్రతివాడును వారికి తీర్పరియే.

రాఘవగారు 1946లో గతించిరి. మొన్న మా పాఠశాల వార్షికోత్సవమున సావిత్రి పాత్రకై యొక బాలికను బంపుమని తండ్రి నడిగితిమి. ఆయన రాఘవగారిని గడియసేపు కొనియాడెను. కూతును బంపలేదు.